మా ఇంటి నిరర్థక ఆస్తులు

మాయాబజార్‌ను నేను కొన్నన్నిసార్లు విజయా వాళ్ళు అమ్మి కూడా ఉండరు. వీసీడీగా కొన్నాను, డీవీడీగా కొన్నాను, రంగులు వేశాక రంగులతో కొన్నాను. కొన్న ప్రతిసారీ "ఇదే ఆఖరు" అని ప్రకటించాను. ఆ ప్రకటన విన్నప్పుడల్లా మా ఆవిడ వంటింట్లోంచి ఏమీ అనలేదు. పెళ్ళయినవాళ్ళకి ఆ ఏమీ అనకపోవడం ఎంత పెద్ద మాటో తెలుసు. కానివాళ్ళకి నేను చెప్పినా అర్థం కాదు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేను బ్యాంకులో అప్పుల సెక్షన్ చూశాను. 90 రోజులు దాటినా బాకీ కట్టని ఖాతా మీద నిరర్థక ఆస్తి అని ముద్ర వేస్తారు. అలాంటి ముద్రలు చాలా వేసిన చెయ్యి ఇది. హాల్లో అద్దాల బీరువా నిండా ఉన్న డిస్కుల్ని నేను ఆస్తి అంటాను. మా ఆవిడ కూడా ఆస్తి అనే అంటుంది. ముందు నా దగ్గర నేర్చుకున్న విశేషణం చేరుస్తుంది, అంతే తేడా. నిజమే, 90 రోజుల నిబంధన అక్కడ పెడితే బీరువా తలుపుతో సహా మొండి బాకీల కింద రాసెయ్యాలి.

ఈ గొడవంతా ఇప్పుడెందుకంటే, డల్లాస్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేశాడు. "బావగారూ, సంక్రాంతికి వస్తున్నాం, ఏం తెమ్మంటారు?" అని అడిగాడు. బాదం పప్పు, విటమిన్ మాత్రలు అనాల్సిన వయసు నాది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "పథేర్ పాంచాలి 4కె డిస్కు." స్పీకర్ ఆన్‌లో ఉందని ఆ తర్వాత తెలిసింది.

"ఆ సినిమా మనకి ఉంది కదండీ?" అంది మా ఆవిడ.

ఉంది. డీవీడీ ఉంది. దాన్ని ఒక్కసారే చూశాం. సగంలో ఆవిడ ఏడిచి లేచిపోయింది, నేను ఏడవలేదని చెప్పుకోడానికి చివరిదాకా కూర్చున్నాను. అయినా మళ్ళీ కొనాలనిపించింది. ఎందుకనిపించిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మా ఇంటికొచ్చిన మొదటి మాయాబజార్ నేను కొన్నది కాదు. దూరదర్శన్‌లో వేసినప్పుడు మా మామగారు వీహెచ్ఎస్ క్యాసెట్టు మీద రికార్డు చేసినది. పెళ్ళిలో నాకు పెట్టినవాటిలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నది అదొక్కటే, ఉంగరంతో సహా మిగతావన్నీ ఏవో అవసరాలకి పోయాయి. ఆయన పద్ధతి గల మనిషి. ప్రకటనలు రాగానే పాజ్ నొక్కేవారు, సినిమా మొదలవగానే తీసేవారు. కానీ ఘటోత్కచుడు వివాహ భోజనం మీదికి వెళ్ళే వేళకి ఇంట్లోనూ భోజనాలకి పిలుపొచ్చింది. పాజ్ నొక్కి ఉందన్న సంగతి పెరుగన్నం దాకా ఎవరికీ గుర్తు రాలేదు. అంచేత మా క్యాసెట్టులో ఘటోత్కచుడు వంటశాలలో అడుగు పెడతాడు, మరుక్షణం కథ పెళ్ళి పీటల మీదికి పోతుంది. అన్ని లడ్లూ ఎవరు తిన్నారో తెలీదు. ఆ పాట వేరే ఏదో సినిమాలోదని మా పిల్లలు చాలా ఏళ్ళు నమ్మారు. మధ్యలో ఒకచోట "అంతరాయానికి చింతిస్తున్నాం" బోర్డు కూడా రికార్డయింది. అది వచ్చినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

వీహెచ్ఎస్‌ని జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చింది. ఆ టేపు మీద పట్టే వివరం అడ్డంగా సుమారు 240 గీతలు. ఆ 240 గీతల్లోనే కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ తీసిన వెన్నెలంతా ఇరుక్కునేది, మేం దాన్ని నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. ఇంకా బాగా కనిపించాలన్న ఆలోచన మాకు రాలేదు. ఆ ఆలోచన పుట్టించింది అమ్మేవాళ్ళు.

వీసీడీ వచ్చింది. చుక్కలు 352 అడ్డం, 288 నిలువు. టేపు కంటే బొమ్మ పెద్ద గొప్పగా ఏం లేదు. కదలికలు ఎక్కువైతే చెక్కల్లా విడిపోయేది కూడా. కానీ మెరిసేది కదా! ఒక డిస్కులో పట్టేది 74 నిమిషాలు, మరీ నొక్కితే 80. మాయాబజార్ నిడివి 184 నిమిషాలు. అందుకని మూడు డిస్కులు. డిస్కు అయిపోయే చోటికీ కథకీ ఏ సంబంధమూ ఉండేది కాదు. శకుని పాచిక ఎత్తాడంటే తెర నల్లబడొచ్చు. లేచి మార్చే డ్యూటీ నాది. మోకాళ్ళు అరిగింది అక్కడేనని నా నమ్మకం, డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు.

2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకీ డీవీడీ 34 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టారు. అదీ అసలు దెబ్బ. అప్పటిదాకా సినిమా కొనడమంటే ఆలోచించి చేసే పని. 28 రూపాయలకి ఆలోచించేవాడెవడు? కొనకపోతే నష్టం అన్నట్టుండేది ఆ ధర. నచ్చినవి కొన్నాను, చూడనివి కొన్నాను, చూసి తిట్టుకున్నవి కూడా కొన్నాను. కూరగాయలకని వెళ్ళి పాతాళభైరవి, గుండమ్మ కథ సంచీలో వేసుకొచ్చిన సాయంత్రాలున్నాయి. ఆ రాత్రి చారే. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి పోయింది. వాళ్ళ డిస్కులు మాత్రం మా బీరువాలో దిట్టంగా ఉన్నాయి.

డీవీడీకి మారడానికి నా దగ్గర ఉన్న లెక్క పక్కా లెక్క. వీసీడీలో చుక్కలు లక్ష పైచిలుకు, డీవీడీలో 720 ఇంటూ 576, అంటే నాలుగు లక్షల పైన. నాలుగింతలు! ఈ లెక్క మా ఆవిడకి కాగితం మీద వేసి చూపించాను. ఆవిడ కాగితం తిప్పి వెనక పాలవాడి లెక్క వేసుకుంది. తీరా డీవీడీ పెట్టి చూస్తే వీసీడీలో ఉన్న గీరలే అచ్చం అదే చోట ఉన్నాయి. మాస్టర్ ఒకటే, డబ్బా మార్చారు. పైగా ఓ మూల కంపెనీ లోగో గుండ్రంగా తిరుగుతూ ఉంది. శంకరాభరణంలో శాస్త్రిగారు కళ్ళు మూసుకుని ఆలాపన చేస్తుంటే ఆయన భుజం మీద లోగో గిరగిరా తిరగడం నేను చూశాను. ఆయన మూసుకోవడమే మంచిదైంది. ఒక్క డిస్కులో మూడు సినిమాలు కుక్కినవీ కొన్నాను. ఆ మూడింటిలో ఏ ఒక్క ముఖమూ గుర్తుపట్టేలా లేదు, గొంతుల్ని బట్టి ఎవరెవరో పోల్చుకోవాలి.

ఇదే బావమరిది ఒకప్పుడు మెకన్నాస్ గోల్డ్ డీవీడీ పంపాడు. కుర్రతనంలో ఆ సినిమా చూసి గుర్రం కొనాలనుకున్నవాణ్ణి నేను. ప్లేయర్లో పెడితే తిరగను పొమ్మంది. డిస్కుది రీజియన్ 1, మనది రీజియన్ 5. హాలీవుడ్ కంపెనీలు భూగోళాన్ని ముక్కలు చేసి పంచుకున్నాయని, ఒక ముక్కలో కొన్నది ఇంకో ముక్కలో ఆడదని అప్పుడు తెలిసింది. కంప్యూటర్ డ్రైవులోనైతే రీజియన్ మార్చుకోవచ్చు, కానీ ఐదుసార్లే. ఐదో మార్పుతో అది ఎక్కడుంటే అక్కడే శాశ్వతంగా ఉండిపోతుంది. వరాలు ఇచ్చేటప్పుడు బ్రహ్మదేవుడు కూడా ఇంత మెలిక పెట్టలేదు. మా అబ్బాయి కంప్యూటర్ని నేను అలా అమెరికా పౌరుణ్ణి చేసి వదిలిపెట్టాను. వాడి చదువు సీడీలకి ఏ రీజియనూ లేదు కాబట్టి వాడు బతికిపోయాడు. మంచి కంపెనీది అని నేను డబ్బు పోసి కొన్న ప్లేయర్ పట్టుదలతో రీజియన్ 5 మీదే నిలబడితే, పక్కింటాయన ఎగ్జిబిషన్లో కొన్న చైనా ప్లేయర్ అన్ని దేశాల డిస్కుల్నీ గుటకేసేది. మెకన్నాస్ గోల్డ్ చూడ్డానికి వాళ్ళింటికే వెళ్ళాను. కాఫీ కూడా ఇచ్చారు.

తర్వాత 2010 జనవరి 30న రంగుల మాయాబజార్ విడుదలైంది. హైదరాబాద్‌కి చెందిన గోల్డ్‌స్టోన్ వాళ్ళు రంగులు వేయించారు. నేను నలుపు-తెలుపు పార్టీ. బార్‌ట్లీ వెలుగూ నీడలతో పడ్డ కష్టానికి పైన రంగులు పూయడమేంటని ఇంట్లో ఉపన్యాసం ఇచ్చాను. మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. "సావిత్రి కట్టుకున్న చీర ఏం రంగో తెలుసుకోవాలని మీకెప్పుడూ అనిపించలేదా?" అనిపించింది. అందుకని అదీ కొన్నాను. కొన్నాక నాకో అద్భుతమైన సాకు దొరికింది. రంగుల సినిమా 165 నిమిషాలే. ఒక పాట, కొన్ని పద్యాలు అందులో లేవు. ఆ రీళ్ళు బాగుచేయడానికి వీల్లేకుండా ఉన్నాయట. కాబట్టి నలుపు-తెలుపు దాచుకోక తప్పదు, చీరల కోసం రంగులది దాచుకోక తప్పదు, ఘటోత్కచుడు భోజనం మానేసిన మామగారి క్యాసెట్టు సెంటిమెంటు కొద్దీ దాచుకోక తప్పదు. మూడూ మూడు వేర్వేరు సినిమాలని ఆడిటర్ ముందైనా వాదించగలను.

వెడల్పు టీవీ వచ్చాక యుద్ధం మరో చోట మొదలైంది. పాత సినిమాల తెర దాదాపు చదరం. కొత్త టీవీలో వేస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. "టీవీ మొత్తానికి డబ్బు కట్టాం కదా, మధ్యలోనే వస్తుందేం?" అంది మా ఆవిడ. మావాడు రిమోట్ నొక్కి బొమ్మని రెండు పక్కలకీ లాగాడు. ఎస్వీ రంగారావుగారు అసలే భారీ మనిషి, ఆ దెబ్బకి గదిలో పట్టలేదు. శశిరేఖ సన్నబడాల్సిన చోట విస్తరించింది. నేను లేచి మామూలుగా పెట్టాను. వాళ్ళు మళ్ళీ లాగారు. నేను మళ్ళీ పెట్టాను. ఇప్పటికీ మా ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉందో రంగారావుగారి నడుము కొలత చూసి చెప్పొచ్చు.

మళ్ళీ కొనడం నా ఒక్కడి జబ్బు కాదని నిరూపించడానికి ఒకసారి ఎదురు కేసు వేశాను. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ నవలని ఆవిడ ఎన్నిసార్లు కొందో అడిగాను. ఆవిడ తొణకలేదు. "అవునండీ, కొన్నప్పుడల్లా ఎవరో ఒకరు చదివి ఇస్తామని పట్టుకుపోయారు. తిరిగివ్వలేదు. మళ్ళీ కొన్నాను. మీ డిస్కు ఒక్కటంటే ఒక్కటి ఎవరైనా ఎత్తుకుపోయారా?" కేసు కొట్టేశారు. ఖర్చులు నా మీదే పడ్డాయి.

ఇక మావాడు. బెంగళూరులో ఉంటాడు. "నాన్నా, అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా, డిస్కులెందుకు?" అంటాడు. ఇక్కడ మాత్రం నేను వాడికి తగ్గను. ఫోన్లో ఉన్న సినిమా మనది కాదు. ఆ ప్లాట్‌ఫాం వాళ్ళకీ హక్కుదారుకీ ఒప్పందం ముగిస్తే రాత్రికి రాత్రి పోతుంది. "కొనండి" అని బటన్ పెట్టి అమ్మేది కూడా చూసుకునే అనుమతే కానీ సినిమా కాదు. అందుకే కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, అమ్మేవాళ్ళు ఆ సంగతి కొనేవాళ్ళకి స్పష్టంగా చెప్పి తీరాలని చట్టం వచ్చింది. డీవీడీలు పోస్టులో పంపడంతో బతుకు మొదలుపెట్టిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబర్ 29న ఆఖరి డిస్కు పంపి ఆ కొట్టు కట్టేసింది. నా బీరువాలో డిస్కుని రాత్రికి రాత్రి ఎవరూ తీసుకుపోలేరు. "పగలైనా ఎవరూ తీసుకుపోరు" అంటుంది మా ఆవిడ.

సరే, ఆవిడ మాట పక్కన పెట్టినా లెక్కల్లో నాకే ఓ చిక్కు వచ్చింది. బ్లూరేలో చుక్కలు 20 లక్షలు, 4కెలో 80 లక్షల పైన. మా హాల్లో టీవీ 43 అంగుళాలు. దృష్టి సలక్షణంగా ఉన్నవాడు ఆ టీవీలో బ్లూరే వివరం పూర్తిగా పట్టుకోవాలంటే ఐదున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. 4కె వివరం పూర్తిగా పట్టాలంటే మూడడుగుల లోపు. మా సోఫా పదడుగుల దూరంలో ఉంది. దాన్ని ముందుకి జరిపితే హాల్లో నడవడానికి దారి ఉండదు, జరపకపోతే నేను కొన్న చుక్కల్లో ఎక్కువ భాగం దారిలోనే రాలిపోతాయి. టీపాయ్ మీద కూర్చుని చూస్తానన్నాను. దానికీ ఆవిడ ఏమీ అనలేదు.

దృష్టి సలక్షణంగా ఉన్నవాడు అన్నాను కదా, అదింకో కథ. రంగుల మాయాబజార్‌లో తెల్లటివన్నీ పసుపు కొట్టుకుపోతున్నాయని, డిస్కు పాడైందని, కొత్తది కొనక తప్పదని కొంతకాలం గట్టిగా ప్రచారం చేశాను. అమ్మిన కొట్టువాణ్ణి కూడా దులిపేశాను. తీరా చూస్తే పాడైంది డిస్కు కాదు, నా కళ్ళు. శుక్లాలు. ఆపరేషన్ చేసి కొత్త లెన్సు వేశారు. ఇంటికొచ్చి అదే డిస్కు పెడితే కృష్ణుడి నీలం కళ్ళు జిగేల్మనేలా ఉంది! ముదిరిన శుక్లం పసుపు అద్దంలా అడ్డం పడి నీలాన్ని మింగేస్తుందట. ఇన్నేళ్ళలో నేను చేసిన ఫార్మాట్ మార్పుల్లో పైసా వసూలైంది అదొక్కటే. దాని ఖర్చు ఇన్సూరెన్సు వాళ్ళు పెట్టుకున్నారు. కొట్టువాడికి మాత్రం నేనింకా ముఖం చూపించలేదు.

అప్పటినించీ నాకు ఒక సంగతి కొంత తెలిసొచ్చింది. డిస్కు కొత్తదా పాతదా అన్నది కాదు చూడాల్సింది, దేన్నించి ఎక్కించారన్నది. 35 ఎంఎం నెగటివ్‌లో 4కె నిండేంత వివరం మాయాబజార్ తీసిన 1957లోనే ఉంది. ఆ నెగటివ్ బతికుంటే, జాగ్రత్తగా స్కాన్ చేస్తే, కొత్త డిస్కులో నిజంగా కొత్తది కనిపిస్తుంది. లేదంటే పాత డీవీడీ మాస్టర్నే సాగదీసి 4కె అని చీటీ అంటించడమే. రంగారావుగారి నడుము లాగిన మావాడి పని కంటే అది గొప్పదేం కాదు. మన దగ్గర నెగటివ్‌లు దాచిన తీరు తలుచుకుంటే నా బీరువా దేవాలయంలా కనిపిస్తుంది. 1932 నాటి భక్త ప్రహ్లాద, మన మొదటి టాకీ, ఒక్క ప్రింటు లేదు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో. అప్పటికి పాత నైట్రేట్ రీళ్ళు ఎన్ని తగలబడ్డాయో, వెండి తియ్యడానికి ఎన్ని కరిగించారో! తర్వాతి ఎసిటేట్ రీళ్ళు ఎన్నో ఉక్కకీ తేమకీ వెనిగర్ వాసన కొడుతూ ముద్దలయ్యాయి. 1990 మే 9న వచ్చిన జగదేకవీరుడు అతిలోకసుందరిని 35 ఏళ్ళకి సరిగ్గా అదే తేదీన మళ్ళీ విడుదల చేస్తే చూసొచ్చాను. శివ 2025 నవంబర్లో 4కెలో వస్తే అదీ చూసొచ్చాను. ఈలలు నేనే ముందు వేశాను. ఇంటికొచ్చి డిస్కు కోసం వెతికితే నాకు దొరకలేదు. కొనడానికి ఇంత సిద్ధంగా ఉన్నవాడికి అమ్మేవాళ్ళు లేకపోవడం మా ఆవిడ నోముల ఫలం కావచ్చు.

పథేర్ పాంచాలి అడగడానికి కారణం అదే. దాని నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్‌లో కాలిపోయాయి. కాలగా మిగిలిన ముక్కల్ని పారెయ్యకుండా దాచారు. ఇటలీలో బొలోనా నగరంలో నిపుణులు వాటిని నానబెట్టి, చేత్తో విడదీసి, చిరిగిన అంచులు కొత్తగా అతికి, స్కాన్ చేశారు. ఆ పని చూడాలని ఉంది. ఇంత చెప్పేసరికి మా ఆవిడ మెత్తబడింది. "సరే తెమ్మనండి" అంది. అంతటితో ఆపాల్సినవాణ్ణి, "దానికి 4కె ప్లేయర్ కావాలి" అన్నాను. ఆవిడ చీపురు ఆగింది. "ప్లేయర్ ఉంటే సరిపోదు, మన టీవీ పాతది కాబట్టి..." అన్నాను. గోచీ ఎలుకలు కొట్టకుండా పిల్లిని, పిల్లి పాలకి ఆవుని, ఆవుని మేపడానికి పెళ్ళాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ ఆవిడ ఆ పూట నాకు మొత్తం చెప్పింది. నాది ఆ సన్యాసి కంటే తలకిందుల కేసు. పెళ్ళాం ముందే ఉంది, ఇప్పుడు గోచీ దగ్గరికి వస్తున్నాను.

చివరికి రాజీ కుదిరింది. నెగటివ్‌నించి కొత్తగా ఎక్కించిందని రుజువు చూపిస్తేనే కొత్త డిస్కు ఇంట్లోకి వస్తుంది. ఒకటి వస్తే బీరువాలోంచి ఒకటి పోతుంది. వచ్చినదాన్ని ఇద్దరం కూర్చుని, బొమ్మ లాగకుండా, చివరిదాకా చూడాలి. చూసేదాకా ఇంకోటి అడగకూడదు. 4కె 4కె అని నేను పరువు తీసుకున్నందుకు పథేర్ పాంచాలి బ్లూరేతో సరిపెట్టుకోవాలి. దాని ప్లేయర్ డల్లాస్‌నించి బావమరిదే తెస్తాడు, రీజియన్ గొడవ రాకుండా. పాత డీవీడీ ఎవరికైనా ఇచ్చెయ్యాలి. ఇవ్వబోతే ఎవరూ తీసుకోలేదు. వీధి చివర పాత పేపర్లు కొనేవాడు కూడా డిస్కులు కిలోకి లెక్క కట్టనన్నాడు.

మోజర్ బేర్ వీసీడీలు కొన్ని పోయాయి, వాటి మీద నాకు పెద్ద బెంగ లేదు. మామగారి క్యాసెట్టు జోలికి మాత్రం ఎవరూ రాలేదు. రాజీ పత్రంలో దాని ప్రస్తావనే లేకుండా ఆవిడే చూసుకుంది. ఒకటే ఇబ్బంది, దాన్ని పెట్టి చూడ్డానికి మిషన్ లేదు. వీసీఆర్లు తయారుచేసే ఆఖరి కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని మానేసింది. మాది అంతకు ముందే మానేసింది. పని చేసే వీసీఆర్ మీలో ఎవరి అటక మీదైనా ఉంటే దయచేసి చెప్పండి. కొనను, మా ఆవిడ సాక్షి. ఒక్క సాయంత్రం ఇస్తే చాలు, మీరూ వచ్చి చూడొచ్చు. భోజనం మా ఇంట్లోనే.